ఇంట్లో సొరచేప: చెమట పట్టకుండా పెంచే చిట్కాలు

ఆర్వానాల కాలం అయిపోయింది. ఫ్లవర్‌హార్న్ ఇప్పుడు చిట్‌ఫండ్ ఆఫీసు రిసెప్షన్లో కూడా కనిపిస్తోంది. ఎదురింటివాళ్ల హాల్లో లేనిది మన హాల్లో ఉండాలంటే ఇక మిగిలినవి రెండే: సొరచేప, టేకు చేప. షాపులవాళ్లు వీటిని షార్క్ అనీ స్టింగ్ రే అనీ అమ్ముతారు. వీటి జోలికి పోవద్దని భయపెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నీళ్ల పరీక్షలంటారు, ఫిల్టర్లంటారు, టన్ను బరువంటారు. వాళ్లంతా చేపని పెంచాలనుకునేవాళ్లు. మనకి కావలసిందల్లా ఇంట్లో సొర ఉందని నలుగురికీ తెలియడం, దాని చాకిరీ మన మీద పడకపోవడం. ఈ గురి కుదిరితే మిగతాదంతా తేలికే. పాఠకులు అనవసరంగా కష్టపడిపోతుంటే చూడలేకే ఇదంతా వరసగా రాస్తున్నాను.

1. పేరు చూసి కొనండి

షాపులోకి వెళ్లగానే "షార్క్ ఉందా?" అని గట్టిగా అడగండి. ఉంటుంది. సిల్వర్ షార్క్, రెయిన్‌బో షార్క్, రెడ్ టెయిల్ షార్క్ అని తీసి చూపిస్తారు. ఇవన్నీ మన బొచ్చె, శీలావతి చేపలకి చుట్టాలు. సొర వంశంతో వాటికి పోలికా లేదు, బంధుత్వమూ లేదు. ఇరిడిసెంట్ షార్క్ అని ఇంకోటి ఉంటుంది. వేలెడంత పొడవు, వెండి మెరుపు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అది జెల్లల జాతి. కైకలూరు చుట్టుపక్కల చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే పంగాస్ అదే. నాలుగడుగుల పైన పెరుగుతుంది. అయినా కొనండి. పేరులో షార్క్ ఉంది, ధర వందల్లో ఉంది.

ఒక్క చిక్కు ఉంది. కొల్లేరు వైపు చుట్టాలెవరైనా వస్తే గుర్తుపట్టేస్తారు.

"ఏరా అల్లుడూ, ఇది మన పంగాసు కదరా?"

"కాదు మావయ్యా, థాయిలాండ్ బ్రీడ్."

ఇందులో అబద్ధం కూడా లేదు. ఆ చేప పుట్టిల్లు మెకాంగ్ నది, అది థాయిలాండ్ సరిహద్దు వెంబడి కూడా పారుతుంది. నిజం చెబుతూనే గట్టెక్కగలిగినప్పుడు అబద్ధానికి శ్రమపడకండి.

2. అసలు సొరే కావాలంటే పిల్లప్పుడే కొనండి

పేరుతో తృప్తిపడనివాళ్లు నిజం సొరకే వెళ్లాలి. ఇంటి ట్యాంకుల కోసం ఎక్కువగా అమ్ముడయ్యేది బాంబూ షార్క్. ఒంటి మీద పట్టీలు, పిల్లి మీసాల్లాంటి పొట్టి మీసాలు, పగలంతా అడుగున పడుకుని ఉండే స్వభావం. పగలు పడుకునే చేప మన పద్ధతికి బాగా కలుస్తుంది. ఈ జాతిలో గ్రే బాంబూ షార్క్ మన తీరంలోనే దొరుకుతుంది. గోధుమ పట్టీల రకం పెరిగితే మీటరు పొడవు, బతికితే ఇరవై ఏళ్లు.

ఆ మీటరు సంగతి ఇప్పుడు తలచుకోకండి. గుడ్డులోంచి బయటికి వచ్చినప్పుడు అది జానెడే ఉంటుంది. ట్యాంకు కొలత ఆ రోజు చేపకి సరిపోతే చాలు. "చేప ట్యాంకుని బట్టే పెరుగుతుందండీ" అని షాపతను చెబుతాడు. నమ్మండి. అందులో నిజం లేదు, చేప తన ఒడ్డూ పొడవూ చూసుకునే పెరుగుతుంది, ట్యాంకు చాలకపోతే వెన్ను వంగి జబ్బుపడుతుంది. కానీ ఆ మాట నమ్మితే ఆరడుగుల ట్యాంకుతో సరిపెట్టుకోవచ్చు, పైగా రేపు ఏదైనా జరిగితే మాట అతనిది అవుతుంది. మన తరఫున ముందే ఒక దోషి ఉండడం ఎప్పుడూ మంచిదే.

ఇంకా చవక కావాలంటే గుడ్డే కొనండి. తోలు సంచిలా ఉంటుంది, వెలుతురుకి అడ్డం పెడితే లోపల పిల్ల కదలడం కనిపిస్తుంది. పిల్ల బయటికి రావడానికి నెలలు పడుతుంది. ఆ నెలలన్నీ మీవే. చేప లేదు, తిండి లేదు, పెంట లేదు. అయినా "మా ఇంట్లో షార్క్ ఉంది" అని చెప్పుకోవచ్చు. నన్నడిగితే మొత్తం ఈ వ్యవహారంలో ఇంతకన్నా సుఖమైన దశ లేదు.

జత కొనమంటే కొనకండి. 2002లో అమెరికాలోని డెట్రాయిట్‌లో, బెల్ ఐల్ అక్వేరియంలో, మగతోడు లేని తెల్లచుక్కల బాంబూ షార్క్ పెట్టిన గుడ్లు పిల్లలయ్యాయి. ఈ ఉదంతం మూడుసార్లు అద్దం ముందు చెప్పుకుని సాధన చేయండి. చుట్టాల ముందు తడబడకూడదు.

3. ట్యాంకు హాల్లో, బరువు కింది ఫ్లోరు మీద

బాంబూ షార్క్‌కి ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకు ఉన్నా అది ఇరుకేనంటారు తెలిసినవాళ్లు. అందులో పట్టే నీళ్లు 850 లీటర్లు, అంటే 850 కిలోల పైనే. అద్దాలు, స్టాండు, ఇసుక అదనం. అది ఆక్రమించే జాగా 1.4 చదరపు మీటర్లు. ఇళ్ల స్లాబులకి ఇంజనీర్లు లెక్కలో తీసుకునే బరువు చదరపు మీటరుకి 200 కిలోలు. మీరు పెట్టేది 600 పైమాట.

ఇంజనీర్ని పిలవకండి. పిలిస్తే గోడ వారగా పెట్టమంటాడు, దూలం ఎటుందో చూడాలంటాడు, చివరికి వద్దంటాడు. వాస్తు పంతులుగారిని పిలవండి. ఈశాన్యంలో నీళ్లు ఉండాలి, అక్కడే పెట్టించండి. ఈశాన్యంలో బరువు ఉండకూడదని అదే శాస్త్రం చెబుతుంది కదా అని ఆయన నీళ్లు నమిలితే, దక్షిణ పెంచండి. అద్దె ఇల్లయితే ఓనరుతో 'చిన్న ఫిష్ ట్యాంక్ అంకుల్' అని మాత్రం అనండి. కింది ఫ్లోరువాళ్లు సీలింగ్ మీద చార కనిపిస్తోందని వస్తే కాఫీ ఇచ్చి, వాళ్ల బాత్రూము లీకేజీ గురించి మీరే ముందు అడగండి.

4. ఉప్పునీళ్లు: ఎనభై ఐదు మార్కులు చాలు

సముద్రపు నీళ్లలో లీటరుకి 35 గ్రాముల ఉప్పులుంటాయి. 850 లీటర్ల ట్యాంకు నింపాలంటే 30 కిలోలు. ఇందుకోసం విదేశీ సింథటిక్ సాల్ట్ బకెట్లలో అమ్ముతారు. నీళ్లు మార్చిన ప్రతిసారీ మళ్లీ కలపాలి. ఎందుకంత ఖర్చు? వీధి చివర కిరాణా కొట్టులో కళ్లుప్పు బస్తా దొరుకుతుంది.

సముద్రంలో సోడియం, క్లోరైడ్ మాత్రమే ఉండవు. మెగ్నీషియం, కాల్షియం, సల్ఫేట్, బైకార్బనేట్ కూడా ఉంటాయి, చేపకి అవన్నీ కావాలి అని వాదించేవాళ్లుంటారు. నిజమే. కానీ కరిగిన ఉప్పుల్లో సోడియం, క్లోరైడ్ రెండూ కలిపి 85 శాతం. మనబ్బాయికి ఇంటర్లో ఎనభై ఐదు వస్తే ఫ్లెక్సీ కట్టిస్తాం, సొరకి చాలదా? ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కొనకండి. వేలు ముంచి నాలుక మీద వేసుకోండి. పులుసులో ఉప్పు చూసినట్టు చూస్తే చాలు. మీకు రుచి తెలియకపోతే అత్తగారిని చూడమనండి. రేపు తేడా వస్తే ఆవిడ పేరు చెప్పుకోవచ్చు.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఈ బాధ కూడా లేదు. సముద్రం పక్కనే ఉంది. ఆటోలో నాలుగు క్యాన్లు వేసుకెళ్లి, మురుగుకాలువ బీచ్‌లో కలిసేచోటే ముంచుకోండి. అక్కడైతే రోడ్డు దగ్గర, మోత తక్కువ.

5. సొరనీ టేకునీ ఒకే ట్యాంకులో కలిపేయండి

ఇది నాకు బాగా ఇష్టమైన చిట్కా, కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.

ఇళ్లలో పెంచే టేకుల్లో ఎక్కువ దక్షిణ అమెరికా నదులవి. మోటోరో అని గోధుమరంగు ఒంటి మీద నారింజ రంగు వలయాలున్నది ఒకటి. నల్లటి ఒంటి మీద తెల్లచుక్కలున్న లియోపోల్డి మరొకటి. లియోపోల్డి బ్రెజిల్లోని షింగు నదిది. ఇవి మంచినీటి చేపలు. సొర ఉప్పునీటిది. సొర తన రక్తంలో యూరియాని నిలవపెట్టుకుని సముద్రపు ఉప్పుకి తట్టుకుని నిలబడుతుంది. ఈ నదుల టేకుల వంశం కోట్లాది ఏళ్లుగా మంచినీళ్లలోనే కాపురముండి ఆ విద్య పోగొట్టుకుంది. మళ్లీ ఉప్పులో వేస్తే యూరియా పట్టి ఉంచడం దానికి చేతకాదు. అటు బాంబూ షార్క్‌ని మంచినీళ్లలో వేస్తే ఒంట్లోకి నీరు చేరి చస్తుంది.

రెండు జాతులకి రెండు ట్యాంకులు కావాలని దీనికి అర్థం. రెండు ట్యాంకులంటే రెండు ఫిల్టర్లు, రెండు కరెంటు బిల్లులు. కాబట్టి సగం ఉప్పు వేయండి. మన కుటుంబాల్లో రెండు పార్టీల మధ్య తగాదా వస్తే పెద్దమనుషులు మధ్యేమార్గం చెప్పరూ? చెరో సగం సర్దుకుంటాయి. సర్దుకోని పక్షంలో రెండూ ఒకే వారంలో పోతాయి, ట్యాంకు ఒకేసారి కడుక్కోవచ్చు, రెండుసార్లు దిగులుపడే పని తప్పుతుంది.

6. ఆ రోజే నీళ్లు, ఆ రోజే చేప

కొత్త ట్యాంకు పెట్టగానే చేపని వేయకూడదని పుస్తకాలు రాస్తాయి. చేప పెంటలోంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ విషాలు. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్లో కుదురుకోడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లు ఖాళీ నీళ్లు చూస్తూ కూర్చోమంటారు.

గృహప్రవేశం ముహూర్తం ఆరు వారాలు ఆగుతుందా? ఉదయం నీళ్లు నింపండి, సాయంత్రం అతిథులు వచ్చే వేళకి చేపని వేయండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఉంటుంది, మనం తాగడం లేదూ? వారం తర్వాత నీళ్లు మసకబారితే నీలంరంగు ఎల్ఈడీ వేయండి. నీలం వెలుతురులో మురికి కూడా మహాసముద్రంలా కనిపిస్తుంది.

ఫిల్టర్ స్పాంజిని మాత్రం వారం వారం కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండండి. లోపల ఆ బ్యాక్టీరియా అప్పుడప్పుడే కుదురుకుంటూ ఉంటుంది. పట్టించుకోకండి. శుభ్రత ఎవరు చేసినా శుభ్రతే, పైగా ఇది పనమ్మాయి చేత చేయించవచ్చు.

7. అడుగున రంగురాళ్లు

టేకు చేప ఇసుకలో ఒళ్లు పూడ్చుకుని కళ్లు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. దానికి మెత్తటి ఇసుకే కావాలి. కానీ ఇసుకలో పూడుకుపోయిన చేప చుట్టాలకేం కనిపిస్తుంది? మార్బుల్ ముక్కలు, నీలం రంగు గాజురాళ్లు పోయండి. పూడ్చుకోలేక పైనే తిరుగుతుంది. పొట్ట గీరుకుని ఎర్రబడితే "బ్లష్ అవుతోంది" అనండి.

హీటర్‌కి ప్లాస్టిక్ జల్లి తొడుగు అమ్ముతారు. వద్దు. టేకు వెచ్చదనం కోసం హీటర్ని ఆనుకుని ఒళ్లు కాల్చుకుంటుందంటారు. అది దాని ఇష్టం.

అన్నిటికన్నా చవక పంపు కొనండి. దీని మీద కూడా భయపెడతారు. సొరలకీ టేకులకీ ముక్కు చుట్టూ సన్నటి రంధ్రాలుంటాయి, వాటి ద్వారా అవి అతి స్వల్పమైన కరెంటుని కూడా పసిగడతాయి. ఇసుక కింద దాక్కున్న చిన్న ప్రాణి జాడ కూడా వాటికి అలాగే అందుతుంది. ఇటలీ వైద్యుడు స్టెఫానో లోరెంజిని ఈ రంధ్రాల గురించి 1678లోనే రాశాడు. నాసిరకం పంపులోంచి నీళ్లలోకి కరెంటు కొంచెం కారినా చేపకి స్థిమితం ఉండదు, తిండి మానేస్తుంది. తిండి మానేస్తే మనకి నష్టమేముంది? రొయ్యల ఖర్చు మిగిలింది.

8. తిండి

రొయ్యలు, కందవలు, నెత్తళ్లు మార్చి మార్చి పెట్టాలని, విటమిన్ కలపాలని చెబుతారు. చికెన్ లివర్ వేయండి. అది అయిపోయినప్పుడు ఇడ్లీ. అతిథులున్న రోజు మాత్రం బతికున్న గోల్డ్‌ఫిష్ వేయండి, ఫోన్లు బయటికి వస్తాయి. గోల్డ్‌ఫిష్ ఒంట్లో ఉండే ఒక ఎంజైము బి1 విటమిన్ని విరగ్గొడుతుంది, అదే పనిగా పెడితే సొరకి నరాల జబ్బు వస్తుంది. రాకముందే వీడియోలు తీసుకోండి.

కొన్నాళ్లకి సొర గొంతు కింద ఉబ్బు కనిపించవచ్చు. అది గాయిటర్. అయోడిన్ చాలకపోయినా, మార్చని నీళ్లలో నైట్రేట్ పేరుకుపోయినా వస్తుంది. "బాగా తింటోంది, చూశారా గడ్డం కింద కండ" అని చెప్పండి. ఎవరైనా డాక్టర్ బంధువు పట్టేస్తే, మేం అయోడైజ్డ్ ఉప్పే వాడుతున్నామని ప్యాకెట్ తెచ్చి చూపించండి.

9. జబ్బు చేస్తే మైలుతుత్తం

ఒంటి మీద తెల్లచుక్కలొస్తే మామూలు చేపలకి రాగి మందు వేస్తారు. సొరలకీ టేకులకీ రాగి సరిపడదు. ఎముక చేప తట్టుకునే మోతాదులోనే ఇవి చచ్చిపోతాయి. జంతుశాలల డాక్టర్లు వీటి ట్యాంకుల్లోకి రాగిని రానీయరు. వాళ్లకి జీతాలొస్తాయి కాబట్టి ఆ జాగ్రత్తలు. మనకి ఊళ్లో పొలం ఉంది, పొలం గదిలో బోర్డో మిశ్రమం కోసం తెచ్చిన మైలుతుత్తం ఉంది. ఓ గుప్పెడు వేయండి. నీళ్లు కూడా చక్కటి నీలం రంగుకి తిరుగుతాయి, ఎల్ఈడీ కరెంటు కలిసొస్తుంది.

తెల్లవారి చేప కదలకపోతే నిద్రపోతోందనుకోండి. బాంబూ షార్క్ పగలు పడుకునే చేప అని మనకి ముందే తెలుసు. ఈ ఒక్క మాట మీద మూడు రోజులు గడపవచ్చు.

10. ముల్లు

టేకు తోకకి రంపంలాంటి ముల్లు, దానికి విషం. 2006లో ఆస్ట్రేలియాలో, టీవీలో జంతువుల కార్యక్రమాలు చేసే స్టీవ్ ఇర్విన్ టేకు పోటుకే చనిపోయాడు. అది సముద్రపు పెద్ద రకం, పోటు గుండెల్లో తగిలింది. మీ ఇంట్లోది చిన్నది, పోటు చేతికో కాలికో తగులుతుంది, అంతే. కాబట్టి ట్యాంకులో చెయ్యి పెట్టే పనులన్నీ బావమరిదికి అప్పగించండి. అతనికి ముల్లు సంగతి చెప్పకండి, చెబితే పెట్టడు.

గోళ్ల కత్తెరతో ముల్లు తీసేయడం ఇంకో దారి. కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తుంది. అప్పటికి మీరు మర్చిపోయి ఉంటారు.

పోటు పడితే గాయాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, గంట గంటన్నర ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలని డాక్టర్లు చెబుతారు. ఆ వేడికి విషం బలం తగ్గి నొప్పి దిగుతుంది. గీజరు వేయడం, థర్మామీటరు వెతకడం ఎవరికి ఓపిక? పసుపు అద్ది, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకోండి. బావమరిది ఎంత గట్టిగా అరిస్తే కథ అంత బాగా పండుతుంది.

11. కరెంటు పోయినప్పుడు, ఊరెళ్లినప్పుడు

ఇన్వర్టర్ టీవీకి పెట్టండి. గాలి పంపు ఆగితే ట్యాంకులో ఆక్సిజన్ పడిపోతుంది, వేసవిలో నీళ్లు వేడెక్కిన కొద్దీ ఇంకా త్వరగా పడిపోతుంది. దీనికి సమాధానం నా దగ్గర ఉంది. ఆస్ట్రేలియా పగడపు దిబ్బల్లో ఎపాలెట్ షార్క్ అని ఒకటి ఉంది. ఆటు సమయంలో నీళ్లు తగ్గిపోతే రెక్కల మీద నడుచుకుంటూ పోతుంది, ఆక్సిజన్ దాదాపు లేకపోయినా గంట పైన తట్టుకుంటుంది. మీది ఎపాలెట్ కాదు. కానీ బాంబూ షార్క్, ఎపాలెట్ రెండూ ఒకే కుటుంబం కదా. పెదనాన్న కొడుకు ఈదగలిగితే మనమూ ఈదగలమని ఎందుకు నమ్మకూడదు? ఏప్రిల్ మధ్యాహ్నం నీళ్లు మరీ వేడెక్కితే ఫ్రిజ్‌లోంచి ఐస్ గడ్డలు గుమ్మరించండి. ఒక్కసారిగా చల్లబడితే చేపకి షాక్ కొడుతుందంటారు, ఉలిక్కిపడి హుషారుగా తిరుగుతుంది అని మీరు అర్థం చేసుకోండి.

సంక్రాంతికి ఊరెళితే తాళాలు వాచ్‌మన్‌కి ఇవ్వండి. తిండి డబ్బా చూపించి "రోజూ కొంచెం వేయి" అనండి. ఎంత అన్నది చెప్పకండి. అతను వారానికి సరిపడా మొదటి రోజే వేస్తాడు. మీరు రాగానే అడగడానికి ప్రశ్న, కోప్పడడానికి మనిషి సిద్ధంగా ఉంటారు.

12. కాగితాలు

2022లో పనామాలో జరిగిన సైటిస్ (అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం) సమావేశంలో లియోపోల్డితో సహా ఏడు రకాల నదీ టేకుల్ని రెండో అనుబంధంలో చేర్చారు. అంటే దేశాల మధ్య వాటి వ్యాపారానికి అనుమతి పత్రాలుండాలి. మన దేశంలో 2024లో వచ్చిన నియమాల ప్రకారం సైటిస్ జాబితాలోని జీవి ఇంట్లో ఉంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. బిల్లు అడగకండి, షాపతను కూడా సంతోషిస్తాడు. ఎవరైనా అడిగితే "మాకు ప్లెకో, అదే సక్కర్ చేప, అని చెప్పి అమ్మారు సార్" అనండి. నల్లగా, చదునుగా, అడుగున అంటుకుని ఉండేవి రెండూ.

పూర్తిగా ఉచితంగా కావాలనుకునే సాహసులూ ఉంటారు. 2018 జులైలో అమెరికాలోని శాన్ ఆంటోనియో అక్వేరియంలోంచి చిన్న హార్న్ షార్క్‌ని తడి దుప్పట్లో చుట్టి, పసిపిల్లల బండిలో తోసుకుంటూ బయటికి పట్టుకుపోయారు. రెండు రోజుల్లో పోలీసులు పట్టుకుని చేపని ప్రాణాలతో వెనక్కి తెచ్చారు. దుప్పట్లోంచి నీళ్లు కారడం చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నేనైతే ఈ దారి సిఫార్సు చేయను. ఎత్తాలి, మోయాలి, పరిగెత్తాలి, బోలెడు శ్రమ.

13. వదిలించుకోవడం

కొన్ని టేకులు మొండివి, బతికి పెరుగుతాయి. మోటోరో పళ్లెమంత ఉన్నప్పుడు ముచ్చటగానే ఉంటుంది, గొడుగంత అయినప్పుడు ట్యాంకులో తిరగలేక ముక్కు అద్దానికి రాసుకుంటుంది. రాత్రిపూట బకెట్లో వేసుకుని దగ్గర్లో ఉన్న చెరువుకి తీసుకెళ్లండి. భూతదయ అనే పేరు కూడా వస్తుంది. సింగపూర్‌లో జనం ఇలాగే వదిలితే అప్పర్ సెలెటార్ జలాశయంలో మోటోరోలు పిల్లాపాపలతో స్థిరపడ్డాయి. మన దగ్గర ట్యాంకుల్లోంచి బయటపడ్డ సక్కర్ చేపలు కృష్ణలో చేరి జాలరుల వలలు చింపుతున్నాయి. వాళ్లు వాటిని దెయ్యం చేపలంటున్నారు. ఆ వరసలో ముల్లున్న చేప మాత్రమే లోటుగా ఉంది. ఈతకి దిగే పిల్లలెవరూ మీ ఇంటి అడ్రసు అడగరు.

చచ్చిన సొరని పారేయడం మాత్రం తొందరపాటు. ఒంట్లోని యూరియా అమ్మోనియాగా మారి గంటల్లోనే ఘాటు వాసన మొదలవుతుంది కాబట్టి వెంటనే వంటింట్లోకి పంపండి. వెల్లుల్లి, పచ్చిమిర్చి దండిగా వేసి సొర పుట్టు చేయిస్తే ఆ వాసన సగం పోతుంది. మైలుతుత్తం సంగతి వంట చేసేవాళ్లకి చెప్పనక్కర్లేదు. బాలింత ఉన్న ఇంటికి పంపితే పాలసొర అని ఆనందంగా తీసుకుంటారు. మీరు మాత్రం ఆ రోజు శనివారం అని చెప్పి తప్పుకోండి.

14. ఖాళీ ట్యాంకు

ట్యాంకు అమ్మకండి. లైటు వేసే ఉంచండి, పంపు తిరుగుతూనే ఉండనివ్వండి. "కొత్త బ్యాచ్ కొలత్తూరు నుంచి వస్తోంది" అని చెప్పండి. రంగుచేపల వ్యాపారానికి చెన్నైలోని ఆ పేట పేరు తెలియనివాళ్లు ఉండరు, కాబట్టి నమ్ముతారు. ఈసారి గుడ్డు దగ్గరే మొదలుపెట్టండి, ఆ నెలల సుఖం మీకు తెలుసు కదా. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు రసీదు బావమరిది పేరు మీద రాయించండి. చెయ్యి మానితే అతనే వెళ్లి తెస్తాడు.